ప్రేమకథ ఉన్న ఫాంటసీ నవలలు: ఒక నెల పఠనానికి ఏవి తీసుకోవాలి?

వేళచ్చేరి చదువరి:
చెన్నైలో ఉంటున్న మేము కొందరు తెలుగు స్నేహితులం మార్గశిర మాసమంతా ప్రేమ ప్రధానంగా సాగే ఫాంటసీ నవలలనే చదివి, ఆదివారాలు సంగీత కచేరీలకు వెళ్లే ముందు కలుసుకుని మాట్లాడుకోవాలని అనుకుంటున్నాము. ఈ మధ్య విరివిగా అమ్ముడవుతున్నవి కొన్ని చదివాము గాని, వాటిలో మాయను పూర్తిగా తీసివేసినా ప్రేమకథకు ఏ లోటూ రాదనిపించింది. మాయ లేకపోతే ప్రేమే పుట్టని కథలు మాకు కావాలి. పదిహేనేళ్ల మా అక్క కూతురు కూడా మాతో చదువుతానంటోంది. తెలుగులోనివి కూడా చెప్పగలరా?

పెరంబూరు పాఠకుడు:
ముందుగా, సంపుటాల తరబడి సాగే వాటిని విడిచిపెట్టండి. రెబెకా యారోస్ 2023లో 'ఫోర్త్ వింగ్'తో మొదలుపెట్టిన కథ ఒక పుస్తకంతో తేలేది కాదు, పైగా అది పెద్దల కోసం రాసినది. డయానా విన్ జోన్స్ 1986లో ప్రచురించిన 'హౌల్స్ మూవింగ్ కాసిల్' మీ అమ్మాయి కూడా నిస్సంకోచంగా చదవగలిగిన నవల. టోపీల దుకాణంలో పనిచేసే సోఫీని ఒక మంత్రగత్తె ముసలమ్మగా మార్చివేస్తుంది. పడుచుదనంలో నోరు మెదపని ఆ పిల్ల, వార్ధక్యం మీదపడిన తరువాత మాంత్రికుడు హౌల్ ఇంట్లో చేరి, అతని పద్ధతులను ముఖం మీదే తప్పుపడుతూ, వద్దన్నా వినకుండా ఇల్లంతా శుభ్రం చేస్తుంది. వారి చనువు ఆ కలహంలోంచే పుడుతుంది కనుక, శాపం లేకపోతే ఆ ప్రేమ లేదు. ఈ నవల ఆధారంగా 2004లో జపాన్ దర్శకుడు మియజాకి తీసిన సినిమాలో యుద్ధానికి పెద్దపీట వేశారు. దానిని చూసినవారు కూడా నవల చదివి తీరాలి.

నవోమీ నోవిక్ రాసిన 'అప్‌రూటెడ్' (2015) కూడా ఒకే సంపుటం. అందులో మాంత్రికుడిది అక్షరం తప్పని గ్రంథవిద్య, కథానాయిక అగ్నియెష్కది పాటలాగా అప్పటికప్పుడు అల్లుకునే విద్య. ఆ రెండూ కలిసి ఒక మాయాగులాబీని పూయించే ఘట్టం నాకు ఎన్నో ప్రణయ సంభాషణల కంటే ఇష్టం. అయితే కొన్ని సన్నివేశాలు పెద్దలకే తగినవి కనుక, అమ్మాయికి ఇచ్చే ముందు మీరు ఒకసారి చదవండి.

ఎగ్మూరు నివాసి:
మీరు చెప్పిన లక్షణం 16వ శతాబ్దంలోనే పింగళి సూరన 'కళాపూర్ణోదయము'లో సంపూర్ణంగా కనిపిస్తుంది. రంభ ప్రియుడైన నలకూబరుణ్ణి కోరుకున్న కలభాషిణి రంభ రూపంలోనూ, మణికంధరుడనే గంధర్వుడు నలకూబరుడి రూపంలోనూ ఉండి, ఎదుటివారిది కూడా మారురూపమేనని ఎరుగక కలుసుకుంటారు. ప్రేమించినది మనిషినా, రూపాన్నా అన్న ప్రశ్నను ఇంత సూటిగా కథలో నిలబెట్టిన కావ్యం నాకు మరొకటి కనిపించలేదు. పద్యాలు కొరుకుడుపడకపోతే, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో వెలువరించిన ఆంగ్లానువాదం 'ది సౌండ్ ఆఫ్ ది కిస్' పక్కన పెట్టుకోండి. మూలం కోసం కన్నెమరా గ్రంథాలయంలో వెతకండి. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరవలసిన గ్రంథాలయాలలో అది ఒకటి కనుక, తెలుగు పుస్తకాలు అక్కడ అడగవచ్చు.

మైలాపూరు గృహిణి:
అమ్మాయి కోసం మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' కూడా చేర్చండి. కాశీకి నడిచివెళ్లే మణిసిద్ధుడు తోడు వచ్చిన గోపకుమారుడికి మజిలీకొక కథ చెబుతాడు కనుక, నచ్చిన మజిలీని విడిగా తీసుకుని ఒక పూటలో బిగ్గరగా చదువుకోవచ్చు. వరుస విషయంలో మాత్రం నాదొక మాట: 'కళాపూర్ణోదయము'ను నెలాఖరుకు ఉంచకండి. అందులో కథలోంచి కథ పుడుతుంది, ముందు విన్నదానికి కారణం చాలా దూరం వెళ్లాక గాని తెలియదు. మొదటి వారంలోనే ఆరంభించి, తక్కిన నవలలతో పాటు కొద్దికొద్దిగా చదువుతూ పోతే పాత్రల పేర్లు గుర్తుంటాయి.