వ్యాగనార్‌లో ఇద్దరం పడుకోవాలంటే వెనక సీటు పీకించాలా?

కాకినాడ_రోడ్లు
అందరికీ నమస్తే. మాది కాకినాడ, 2020 వ్యాగనార్, పెట్రోల్ బండి. డిసెంబర్‌లో నేనూ మా ఆవిడా తుని, నర్సీపట్నం మీదుగా లంబసింగి, అక్కణ్ణుంచి పాడేరు, అరకు తిరిగి రావాలని ప్లాన్, మూడు రాత్రులు. సీజన్‌లో శని ఆదివారాలు రూము దొరకడమే కష్టం, దొరికినా తెల్లవారుజామున 4 గంటలకి లేచి మంచు చూడ్డానికి పరిగెత్తేవాళ్లకి ఆ రేటు దండగ అనిపించి బండిలోనే పడుకుందామనుకున్నాం. నిన్న టేపు పెట్టి కొలిచాను. వెనక సీటు మడిచి, ముందు సీట్లు పూర్తిగా ముందుకి జరిపి, వాటి వీపులు కూడా ముందుకి వంచితే డిక్కీ డోరు దాకా 5 అడుగుల 7 అంగుళాలు వచ్చింది. నా ఎత్తు 5 అడుగుల 8. కానీ డిక్కీ నేలకీ మడిచిన సీటుకీ మధ్య పెద్ద మెట్టు ఉంది, ముందు సీట్ల వెనక కాళ్లు పెట్టుకునే చోట గొయ్యి. మా మెకానిక్ వెనక సీటు మొత్తం విప్పేస్తే గొడవ వదులుతుందంటున్నాడు. విప్పించమంటారా? ఇలా ఎవరైనా చేసుకున్నారా?

నల్లమల_బాటసారి
సీటు మాత్రం పీకించకండి అన్నా. ఆర్‌సీలో సీటింగ్ 5 అని రాసి ఉంటుంది, బండి దానికి తేడాగా ఉంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకి వస్తుంది. కంపెనీ స్పెసిఫికేషన్ మారేలా మార్పులు చేయకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రేపు ఏదైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా పేచీ పడొచ్చు. పైన పలక వేసుకోండి, ఊరొచ్చాక తీసేయండి, బండి బండిలాగే ఉంటుంది. మీది పెట్రోల్ కావడం మేలయింది, సీఎన్‌జీ అయితే డిక్కీ అంతా సిలిండరే.

ఇంకో మాట. అందరూ మంచం గురించే ఆలోచిస్తారు, గాలి గురించి ఆలోచించరు. ఒకసారి శ్రీశైలం వెళ్తూ మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరికి లేటుగా చేరాం, అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కదా, ఇక ఇవతలే ఓ హోటల్ ముందు ఆపుకుని అద్దాలన్నీ బిగించి పడుకున్నాం. తెల్లారి చూస్తే అద్దాల మీంచి నీళ్లు కారుతున్నాయి, బొంత తడిసింది, తల దిమ్ముగా ఉంది. అదంతా మన ఊపిరిలోంచి వచ్చిన తేమే. అప్పట్నుంచి ఎంత చలైనా రెండు పక్కలా అద్దాలు రెండేసి వేళ్లు దించి ఉంచుతున్నాను, డోర్ల మీద రెయిన్ వైజర్లు (అద్దాల పైన చూరులా ఉండే పట్టీలు) ఉంటే వాన కూడా లోపలికి రాదు. ఏసీకో హీటర్‌కో ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిద్రపోవడం మాత్రం అస్సలు వద్దు. సైలెన్సర్ గ్యాస్ లోపలికి చేరితే అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, మనకి మెలకువే రాదు. చలి కాచుకోవడానికి బొగ్గుల కుంపటి లోపల పెట్టినా అదే ప్రమాదం.

చెక్కపని_ఏలూరు
పలక గురించి నేను చెప్తాను, మా ఇంట్లో వడ్రంగం పనే. 12 ఎం.ఎం. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, 8 అడుగులు 4 అడుగుల షీటు ఒక్కటి చాలు, మొత్తం బరువు 20 కిలోల పైనే ఉంటుంది కాబట్టి ఇంకా మందం ఎక్కువ తీసుకోకండి. మడిచిన సీటులో ఎత్తైన చోటు ఎక్కడుందో చూసి ఆ లెవెల్‌కి డిక్కీలో పలకకి కాళ్లు పెట్టండి, అంతకంటే ఒక్క అంగుళం కూడా లేపొద్దు, లేపితే లేచి కూర్చోవడానికి తల తగులుతుంది. పలకని మూడు ముక్కలుగా చేసి మడత బందులు వేయించండి. వెనక ముక్క డిక్కీ మీద, మధ్యది సీటు మీద, ముందుది ఆ గొయ్యి మీదకి తెరుచుకోవాలి, దాని కాళ్లు నేరుగా కిందికి గోతిలో నిలబడాలి. పగలు ముందు ముక్క వెనక్కి మడిస్తే డ్రైవర్ సీటు మామూలు చోటికి వస్తుంది. డిక్కీలో పలక కింద బట్టల సంచీ, స్టవ్వు, నీళ్ల క్యాను పడతాయి.

పలకని బండికి మేకులూ బోల్టులూ వేసి బిగించకండి, కానీ ఊరికే కూడా వదలకండి. ఘాట్‌లో సడన్ బ్రేక్ వేస్తే అంత చెక్క మీ వీపు మీదకే వస్తుంది. రాట్చెట్ బెల్టు (లాగి బిగించే పట్టీ) తెచ్చి బండిలో కదలని గట్టి చోటికి లాగి కట్టండి. చెక్క చెక్క ఆనే చోట పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటిస్తే కిర్రు కిర్రు ఉండదు. పైన 2 అంగుళాల గట్టి ఫోమ్ చాలు. బూరుగు దూది పరుపు మెత్తగా ఉంటుంది కానీ తేమ పీలుస్తుంది, ఆ చలిలో మళ్లీ ఆరదు.

పాడేరు_టీచర్
మీరిద్దరూ మా వైపు వస్తున్నందుకు సంతోషం. లంబసింగిని మా దగ్గర కొర్రబయలు అంటారు, ఆరుబయట ఉంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని. డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున టెంపరేచర్ సింగిల్ డిజిట్‌కి దిగుతుంది. కారులో చలి ఎక్కువగా అద్దాల నుంచే వస్తుంది కాబట్టి వెండి రంగు ఫోమ్ షీటు కొని, ముందు న్యూస్‌పేపరు అద్దం మీద పెట్టి ఆకారం గీసి, ఆ కొలతకి కత్తిరించి బిగించండి. బయటివాళ్లకి లోపల ఎవరున్నారో కనబడదు కూడా. దించిన అద్దాలున్న వెనక డోర్లకి దోమతెర గుడ్డని దిండు గలీబులాగా కుట్టించి డోరు మీద నుంచి తొడిగి డోరు వేసేయండి. చలికాలమని దోమల్ని తేలిగ్గా తీసుకోవద్దు, మాది మలేరియా ఉన్న ఏజెన్సీ.

రోడ్డు పక్కన వంపుల్లో ఆపొద్దు, మంచులో వచ్చే లారీకి మీ బండి కనపడదు. అడవిలోకి దిగి కూడా ఆపొద్దు, పర్మిషన్ కావాలి. లంబసింగిలోనూ వంజంగి కొండ కిందా టెంట్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు, వాళ్ల స్థలంలో బండి పెట్టుకుని బాత్రూమ్‌కి డబ్బులిస్తామంటే చాలామంది సరేనంటారు. చెత్త మాత్రం దయచేసి మీతోనే తీసుకెళ్లండి. సీజన్ అయ్యాక ఆ ప్లాస్టిక్ ఏరేది మా ఊళ్ల పిల్లలే.

కాకినాడ_రోడ్లు
అందరికీ చాలా థాంక్స్. సీటు జోలికి వెళ్లను. పలక వచ్చే ఆదివారం మొదలుపెడతాను, ముందు ఇంటి ముందే ఒక రాత్రి పడుకుని చూస్తాం. తల ఎటు పెట్టుకోవాలి, డిక్కీ వైపా, ముందు వైపా? ఫ్యానుకి బండి బ్యాటరీ వాడొచ్చా?

నల్లమల_బాటసారి
తల డిక్కీ వైపే పెట్టండి. మీకు తగ్గిన ఆ అంగుళం కాస్త మూలగా పడుకుంటే సర్దుకుంటుంది. బండి మరీ వాలులో ఆపాల్సివస్తే తల ఎత్తు వైపు ఉండేలా తిప్పుకోండి. బండి బ్యాటరీ ముట్టుకోవద్దు, పొద్దున స్టార్ట్ కాకపోతే ఆ కొండల్లో టెన్షన్. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఉంటే చిన్న యూఎస్‌బీ ఫ్యాను రాత్రంతా తిరుగుతుంది.

ఇంకోటి, డిక్కీ డోరుకి లోపల హ్యాండిల్ ఉండదు, మీరు బయటికి రావాల్సింది వెనక డోర్లలోంచే. వాటికి చైల్డ్ లాక్ వేసి ఉందేమో చూసుకోండి, ఉంటే లోపలి నుంచి తెరుచుకోవు. పడుకునే ముందే తీసేసి, తాళం చెవి ఎక్కడ పెట్టారో ఇద్దరికీ తెలిసేలా పెట్టుకోండి.

కాకినాడ_రోడ్లు
ఇప్పుడే కిందికి వెళ్లి చూశాను అన్నా. ఎడమ పక్క డోరుకి లాక్ వేసే ఉంది. మా అక్క పిల్లలు వచ్చినప్పుడు వేసినట్టున్నాం. తీసేశాను.