డీజిల్ కారుకు ఆయిల్ క్యాచ్ క్యాన్ అవసరమా?

నల్గొండ డీజిల్: అన్నలూ, నాది 1.5 లీటర్ డీజిల్, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్న ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టే గాలిని చల్లబరిచేది) పైపు విప్పితే లోపలంతా ఆయిల్ జిడ్డు. మెకానిక్ క్యాచ్ క్యాన్ (ఆ ఆయిల్‌ను మధ్యలోనే పట్టే డబ్బా) పెట్టించుకోమంటున్నాడు. రోజూ నార్కట్‌పల్లి దాకా తిరుగుతా, అప్పుడప్పుడు హైదరాబాద్. పెట్టించాలా, డబ్బులు దండగా?

పాలమూరు బండి: టెన్షన్ పడకు తమ్ముడూ, టర్బో డీజిల్‌లో ఆ పైపుకు పల్చగా ఆయిల్ అంటడం మామూలే. పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారిన గ్యాస్, ఆయిల్ తుంపరను మోసుకుని బ్రీతర్ పైపు (ఇంజిన్ లోపలి గ్యాస్ బయటికొచ్చే గొట్టం) గుండా టర్బో ముందున్న గాలి పైపులోకి వస్తుంది, దానికి ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మసి తోడైతే, ఇంజిన్‌లోకి గాలి పంచే మానిఫోల్డ్‌లో తారులా గడ్డకడుతుంది. క్యాన్ ఆయిల్‌ను పడుతుంది, మసిని కాదు. ముందు వారం వారం డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూడు. ఆయిల్ బాగా తగ్గుతుంటే టర్బో సీలో రింగులో అరిగి ఉండొచ్చు, అప్పుడు క్యాన్ పెడితే రోగం దాక్కుంటుంది అంతే.

జడ్చర్ల రోడ్డు: నేను పెట్టించా. మొదట చవకది కొన్నా, విప్పి చూస్తే లోపల జాలీ లేదు, అడ్డు రేకూ లేదు, ఉత్త డబ్బా! తర్వాత జాలీ ఉన్నది వేయించా. 5 వేల కిలోమీటర్లకు పావు టీ గ్లాసు నల్ల జిడ్డు వచ్చింది, చలికాలంలో నీళ్లు కూడా. ఖాళీ చేయడం మరిచి అది మూసుకుపోతే మాత్రం క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ అడుగు భాగంలో) ఒత్తిడి పెరిగి సీళ్ల నుంచి ఆయిల్ కారుతుంది. వారంటీ ఉంటే జోలికి పోకు.

నల్గొండ డీజిల్: వారంటీ ఎప్పుడో అయిపోయిందన్నా. నెల రోజులు డిప్‌స్టిక్ చూసి చెప్తా.