పాత బాత్రూమ్‌ల రిపేరు: కూలికే మాట్లాడాలా, మెటీరియల్‌తో కలిపి ఇచ్చేయాలా?

బెజవాడ_గృహిణి
మా పాత అపార్ట్‌మెంట్‌లో రెండు బాత్రూమ్‌లు పగలగొట్టి కొత్తగా చేయించాలి. మెటీరియల్‌తో సహా తనకే ఇచ్చేయమని మేస్త్రీ గారు అంటున్నారు. మా వారేమో కూలి మాట్లాడుకుని సామాను మనమే కొందామంటున్నారు. ఏం చేయమంటారు?

సైట్_ఇంజనీర్
కూలికే ఇవ్వండి. చాలా షాపుల్లో మేస్త్రీలకు కమీషన్ ఉంటుంది, అది మీ బిల్లులోనే కలుస్తుంది. పైపులు, వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ మీరే చూసి తెచ్చుకుంటే ఏ రకం వాడారో అన్న అనుమానం ఉండదు.

మేస్త్రీగారబ్బాయి
అన్నా, నేను ఒప్పుకోను. కమీషన్ మాట నిజమే. కానీ కూలి పనిలో జరిగేది చూడండి. పొద్దున్నే మనుషులు దిగుతారు, పైపు మలుపులో వేసే ఎల్బో ఒకటి తక్కువ. ఓనర్ ఆఫీసులో ఉంటారు, సాయంత్రం తెస్తానంటారు. ఆ రోజు కూలి మా నాన్న జేబులోంచే పోతుంది. ఇలా రెండు మూడు సార్లయితే మనుషుల్ని వేరే సైట్‌కి పంపక తప్పదు. అప్పుడు మేస్త్రీ ఎగ్గొట్టాడంటారు. రేపు లీకైతే పైపుది తప్పా, పనిది తప్పా అని పంచాయితీ. అంతా ఒకరికే ఇస్తే జవాబుదారీ ఒకరే.

కూకట్‌పల్లి_సుజాత
నేనూ తమ్ముడి వైపే. మా ఇంట్లో మొత్తం మేస్త్రీకే ఇచ్చాం, టైల్స్ మాత్రం మేం కొన్నాం. కంపెనీ పేర్లు, రేట్లు కాగితం మీద రాసుకున్నాం. డబ్బులు రోజుల లెక్కన కాకుండా పని లెక్కన ఇచ్చాం: పగలగొట్టి చెత్త దించాక కొంత, పైపుల్లో ఒత్తిడితో నీళ్లు నింపి లీకులు చూసే ప్రెజర్ టెస్ట్ అయ్యాక కొంత. వాటర్‌ప్రూఫింగ్ ఆరాక నీళ్లు పోయే దారి మూసి, నేలంతా నీళ్లు నిలబెట్టి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టారు. రెండు రోజులు అలాగే వదిలేసి, కింది ఫ్లాట్ సీలింగ్ చూసొచ్చాకే టైల్స్ మొదలుపెట్టనిచ్చాం. ఆ రెండు రోజులూ ఆగమని మేస్త్రీకి ముందే చెప్పాలండీ, లేకపోతే ఆయన మనుషులు ఖాళీగా కూర్చుంటారు. ఇంకో మాట. "ఈ గూడు కూడా కట్టెయ్యి బాబూ" అని పనివాళ్లకు నేరుగా చెప్పొద్దు. మేస్త్రీనే అడిగి, రేటు వాట్సాప్‌లో పెట్టించుకోండి. గొడవలన్నీ అలా నోటిమాటగా చెప్పిన పనుల దగ్గరే పుడతాయి.

సైట్_ఇంజనీర్
నీళ్లు నిలబెట్టి చూడటం నూటికి నూరుపాళ్లూ అవసరం. అయినా చివరి పది శాతం డబ్బులు వాడకం మొదలైన నెల దాకా ఆపమంటాను.

మేస్త్రీగారబ్బాయి
ఆపండి, కానీ ఏ తేదీకి ఇస్తారో రాసి ఆపండి. అలా ఆగిన డబ్బుల కోసం మా నాన్న ఫోన్లు చేసి చేసి వదిలేసిన ఇళ్లున్నాయి.

బెజవాడ_గృహిణి
తేదీ రాసే ఇస్తాం బాబూ. మొత్తం మేస్త్రీ గారికే ఇద్దామని మా వారితో మాట్లాడతాను. టైల్స్ ఎంత ఎక్కువ తీసుకోవాలి?

సైట్_ఇంజనీర్
పది శాతం ఎక్కువ తీసుకోండమ్మా. అట్టపెట్టెల మీద బ్యాచ్, షేడ్ నంబర్లు అన్నిటికీ ఒకటేనా అని దించుకునేటప్పుడే చూసుకోండి. తర్వాత కొంటే అదే రంగు దొరక్కపోవచ్చు.