“పొడిచిన కత్తి”లో సాక్ష్యంగా నిలిచేది ఎంత?

అడిగిన సభ్యురాలు: కోర్టు కాగితాలు తెలుగు చేస్తూ ఒక వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. కస్టడీలో ఉన్న ముద్దాయి “నేను పొడిచిన కత్తిని మా ఇంటి చూరులో దాచాను, చూపిస్తాను” అన్నాడు. పులుకూరి కోటయ్య కేసును బట్టి ఇందులో కొంతే చెల్లుతుందని చదివిన గుర్తు. గీత ఎక్కడ గీయాలి? చెల్లేదాన్ని “గ్రాహ్యం” అనాలా, “స్వీకార్యం” అనాలా?

న్యాయవాది: గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి బ్రిటిష్ కాలపు చివరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళిన ఆ కేసు 1947 రిపోర్టుల్లో ఉంది. ముద్దాయి మాట వల్ల బయటపడిన సంగతికి స్పష్టంగా సంబంధించినంత మేరకే ఆ మాట చెల్లుతుందని పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అదే 23వ సెక్షన్‌లో ఉంది. కత్తి దొరకడం దాన్ని దాచిన చోటుకే సంబంధించింది, పొడవడానికి కాదు; కాబట్టి “పొడిచిన” పోతుంది. మన దగ్గర ఈ కోత సాధారణంగా విచారణకు ముందు పడదు. మధ్యవర్తి (స్వాధీనానికి సాక్షిగా పోలీసులు పిలిచిన మనిషి) బోనులో ఉండగా, మధ్యవర్తినామాలో, అంటే అప్పుడు రాసిన కాగితంలో, అనుమతించిన భాగాన్ని మాత్రమే ఎగ్జిబిట్‌గా గుర్తిస్తారు.

తెలుగు మాస్టారు: చిక్కంతా “ఇన” అన్న ప్రత్యయంలో ఉంది. “పొడిచే కత్తి” అంటే కత్తి స్వభావం, “పొడిచిన కత్తి” అంటే జరిగిపోయిన పని. “నేను కొన్న కత్తి”లో కత్తి కర్మ, “నేను పొడిచిన కత్తి”లో కరణం, అంటే పనికి సాధనం. నేరం మొత్తం క్రియ నుంచి పుట్టిన ఒక్క విశేషణంలో (ధాతుజ విశేషణంలో) ఒదిగి కూర్చుంది.

మరో సభ్యుడు: మరి “నేను” సంగతేమిటి? అది “పొడిచిన”కూ కర్తే, “దాచాను”కూ కర్తే. కొట్టేసినా “దాచాను”లోని చివరి “ను” ఆ మనిషిని పట్టి ఇస్తూనే ఉంటుంది. నా లెక్కలో వివాదం ఆ అక్షరానిదే.

న్యాయవాది: 1976 రిపోర్టుల్లో ఉన్న మహమ్మద్ ఇనాయతుల్లా కేసులో, ముద్దాయి మూడు రసాయన డ్రమ్ములు ఉన్న చోటు చెబుతానన్న మాటను సుప్రీంకోర్టు ఉంచి, వాటిని తానే హాజీ బందర్ నుంచి తీశానన్న మాటను వదిలేసింది. అక్కడ నిలిచింది ఎరుక మాత్రమే, అంటే అవి ఎక్కడున్నాయో అతనికి తెలుసన్నదే.

తెలుగు మాస్టారు: ఎరుక అంటే నన్నయ గుర్తొస్తాడు. ఆయన శకుంతల దుష్యంతుడి ముందు వేదాలనూ, పంచభూతాలనూ, సూర్యచంద్రులనూ పేర్కొని, మనిషి నడత వాటికి తెలుసునంటుంది. చూసినవారనదు, ఎరిగినవారంటుంది. అందుకే నాకు “గ్రాహ్యం” ఇష్టం. గ్రహించడంలో ఎరుక కూడా ఉంది.

అడిగిన సభ్యురాలు: “గ్రాహ్యం” అంటే అర్థమయ్యేదని కూడా చదువుతారు మాస్టారూ, జడ్జిగారు ఒప్పుకున్నారన్న భావం అందులో నాకు వినిపించడం లేదు. ప్రస్తుతానికి “కత్తిని మా ఇంటి చూరులో దాచాను, చూపిస్తాను” అని రాసి, ఆ “ను” కింద పెన్సిలు గీత ఉంచాను.