అరకు సంతలో క్యూఆర్ స్టిక్కర్: బ్యాంకు దగ్గరైనట్టేనా?

కొండదారి:
మొన్న వైజాగ్‌లో ఓ పెళ్లిలో మా బావతో వాదన. అరకు సంతలో పసుపు అమ్మే అవ్వ దగ్గర కూడా క్యూఆర్ స్టిక్కర్ ఉంది, ఇంక ఏజెన్సీకి బ్యాంకు అందలేదని ఎలా అంటావని ఆయన. ఆ స్టిక్కర్ అవ్వది కాదు, మనవడి ఖాతాది. మీరేమంటారు?

సాగరతీరం:
మీ బావగారిదే రైటు. 2016లో యూపీఐ రాకముందు గాజువాకలో పనిచేసే అనంతగిరి కూలీలు ఇంటికి డబ్బు ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేవారు. ఇప్పుడు నిమిషం పని. మామూలు ఫోన్లకీ 2022లో 123పే వచ్చింది, నెట్ అక్కర్లేదు. కెన్యాలో 2007లో ఫోన్‌తో డబ్బు పంపుకునే ఎం-పెసా వచ్చి ఎంత మార్చిందో చూడండి.

పాతపాడేరు:
కెన్యా పేరెత్తారు కాబట్టి చెప్తున్నా. అక్కడ ఫోన్ ఒక్కటే కాదండీ, ఏజెంట్ల కొట్లు ఉన్నాయి. ఫోన్లో పడిన డబ్బుకి అక్కడికక్కడే నోట్లు ఇచ్చేవాడు ఉన్నాడు. మన కొండల్లో ఆ మనిషే కరువు. ముంచంగిపుట్టు వైపు చాలా ఏళ్లు పనిచేశాను. ఉపాధి కూలి ఖాతాలో పడేది, తీసుకోవాలంటే ఆధార్ మిషను ఉన్నవాడి దగ్గరికే. పోడు తవ్వి అరిగిన వేళ్లకి ముద్ర ఎక్కడ పడుతుంది? తుడిచి తుడిచి నాలుగోసారి పడితే అప్పుడు సిగ్నల్ పోయేది. వెయ్యి తీస్తే ఇరవై ఉంచుకునేవాడు, స్లిప్పు అడిగితే రోల్ అయిపోయిందనేవాడు. (ఆ రోల్ నేనున్నన్నాళ్లూ రాలేదు.)

సాగరతీరం:
ఇరవై పోయినా, పాడేరుకి జీపు ఛార్జీ, ఒక రోజు కూలి కంటే తక్కువే కదా సార్?

పాతపాడేరు:
అందుకే కిక్కురుమనకుండా ఇచ్చేవారు. మిషను తీసేయమనట్లేదు బాబూ. స్లిప్పు ఇమ్మంటున్నా. అతనికి గిట్టేంత కమీషన్ బ్యాంకే ఇస్తే జనం దగ్గర తీసుకోడు.

డుంబ్రిగూడ అమ్మాయి:
మా ఇంట్లో ఖాతా అమ్మది, ఫోన్ నాన్నది, పిన్ తమ్ముడికి తెలుసు. కాఫీ డబ్బు పడిందని అమ్మకి మూడో రోజు తెలిసింది. నానమ్మకి మాత్రం పెన్షన్ సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి నోట్లే ఇస్తారు. కొంగున ముడేసుకుంటుంది, ఎంత ఉందో మాకెవరికీ చెప్పదు.

కొండదారి:
కనుక్కున్నాను. పసుపు అవ్వ మనవడు ఇప్పుడు వైజాగ్ మద్దిలపాలెంలో రూం తీసుకుని చదువుకుంటున్నాడు. పసుపు అరకులో అమ్ముడవుతోంది, మెసేజ్ ఇక్కడ మోగుతోంది. బావకి ఈ చర్చ పంపాను, ఇంకా చూడలేదు.