సాయిలు పట్వారీని ఎట్ల చూడాలి? (ఏటిగడ్డ ఆడేవాళ్లు ఇక్కడే తేల్చుకోండి)

నకిరేకల్ అక్క (మోడరేటర్):
కొత్తవాళ్ల కోసం: ఏటిగడ్డ మనం కల్పించుకున్న ఊరు. 1946, సూర్యాపేట తాలూకా. తలా ఒక పాత్ర తీసుకుని వంతులవారీగా కథ నడుపుతున్నాం. కడవెండిలో జూలై 4న దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోయిన కబురు ఊరికి చేరడంతో కథ మొదలైంది (అప్పట్లో కడవెండి కూడా నల్లగొండ జిల్లానే). ఇప్పుడు బతుకమ్మ దాకా వచ్చాం. మీ పాత్ర మిగతావాళ్ల గురించి ఏమనుకుంటోందో రెండు ముక్కలు రాయమంటే, సంఘం (దొరలకు ఎదురు తిరిగిన రైతుల సంఘం) కబుర్లు మోసే సాయిలు (మూసీ ఒడ్డు పాత్ర) ఇట్లా రాశాడు:
"పట్వారీ నర్సింగరావు గడీ కుక్క. కలంతోటే గొంతు కోస్తడు. నమ్మొద్దు."
(పట్వారీ అంటే ఊరి భూమి లెక్కలు రాసేవాడు, గడీ అంటే దొర కోట.) దీని మీదే గొడవ.

పానగల్లు:
పట్వారీ పాత్ర నాది. ఎంగిలిపూల (బతుకమ్మ మొదటి రోజు) రాత్రి పోలీసులు వస్తున్నారని చిట్టీ పడేసింది ఎవరు? నా పట్వారీ. అందుకున్నది ఎవరు? సాయిలు. ప్రాణం కాపాడినవాణ్ని కుక్క అంటాడా? ఆ ఘట్టం అంత వివరంగా రాశాను, అసలు చదివారా?

మూసీ ఒడ్డు:
చదివిన అన్నా. చదివింది నేను, సాయిలు చదవలేదు కదా. వాడికి తెలిసిందల్లా గోడ మీంచి చిట్టీ పడింది, అంతే. ఎంగిలిపూల నాడు అమావాస్య. ఊళ్లో కరెంటు లేదు. ముఖం ఎట్ల కనిపిస్తది?

పానగల్లు:
ఆడవాళ్లు దీపాలతో చెరువుకు పోతున్నారని కథలో ఉంది. ఆ వెలుగు చాలదా?

దేవరకొండ టీచర్:
ఆ దీపాలు రాసింది నేనే. అవి చెరువు కట్ట మీద. సాయిలు ఇల్లు ఊరికి ఈ కొసన. నన్ను ఇందులోకి లాగకండి.

పాలమూరు పోరడు:
సద్దుల (బతుకమ్మ ఆఖరి రోజు) నాటికి జరపండి. అష్టమి కాబట్టి సగం చంద్రుడన్నా ఉంటడు.

పానగల్లు:
జరిపేది లేదు. సరే, ముఖం వదిలేద్దాం. దస్తూరీ సంగతేంది? చిట్టీ ఉర్దూలో ఉందని స్పష్టంగా రాశాను. సర్కారు లెక్కలన్నీ ఉర్దూలోనే. ఏటిగడ్డలో ఉర్దూ రాసేది పట్వారీ ఒక్కడే.

మూసీ ఒడ్డు:
నిజాం బడి పంతులు ఏ భాషలో రాస్తడు మరి? సాయిలుకు ఉర్దూ రాదు. చిట్టీ చదివి చెప్పింది పంతులే. పంపింది కూడా పంతులే అనుకుంటడు. నేనైతే అట్లనే అనుకుంటా.

గడీ దొర:
దొర పాత్ర నాది. నా గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

పానగల్లు:
అంటే నేనేం రాసినా సాయిలు కళ్లు తెరవడన్నమాట. దొర కొడుకు మారితే అందరూ భేష్ అన్నారు. నా పట్వారీ దగ్గరికి వచ్చేసరికి అమావాస్య, కరెంటు గుర్తొస్తాయి. మా తాత పట్వారీ. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ మాటెత్తి ఎగతాళి చేసేవాళ్లున్నారు. ఆయన వల్ల పట్టా దక్కినవాళ్లు మాత్రం నోరు విప్పరు.

మూసీ ఒడ్డు:
ఇదీ అసలు సంగతి. మా తాత భూమి దున్నుతూనే ఉన్నాడు, పహాణీలో (భూమి రికార్డులో) ఇంకొకరి పేరు ఎక్కింది. మా నాయన ఆ కాగితం పట్టుకుని తిరిగి తిరిగి చెప్పులు అరగదీశాడు. ఎన్టీఆర్ పటేల్ పట్వారీలను తీసేసిన నాడు మా ఇంట్లో పాయసం వండారు. చిట్టీ వేసినందుకు సాయిలు దండం పెట్టాలా? మీ పట్వారీ పహాణీలో సాయిలు నాయన పేరు మళ్లీ ఎక్కిస్తే అప్పుడు చూద్దాం. అది మీరు ఎక్కడా రాయలేదు.

పానగల్లు:
ఎక్కిస్తే దొర బతకనిస్తాడా?

మూసీ ఒడ్డు:
సంఘంలో తిరిగేటోళ్లను బతకనిస్తున్నాడా?

నకిరేకల్ అక్క (మోడరేటర్):
తాతల పంచాయితీ ఇక్కడ వద్దు. పాత్రకు ఎంత తెలుసో అంతే అనుకోవాలి, మొదటి నుంచీ మన నియమం అదే. సాయిలు మాట ఉంటుంది, కుక్కతో సహా. కోపంలో ఉన్న మనిషి పెద్దమనుషుల భాష మాట్లాడడు. పానగల్లు గారూ, సాయిలు గురించి మీ పట్వారీ ఏమనుకుంటున్నాడో ఇంకా ఇవ్వలేదు.

పానగల్లు:
రాసుకోండి. "సాయిలు: శిస్తు బాకీ పడ్డవాని కొడుకు. మొండోడు. ఎన్నటికైనా మనిషిని గుర్తుపడతడని ఆశ."

మూసీ ఒడ్డు:
బాకీ ఉందని లెక్కల్లో ఎక్కించింది ఎవరు అన్నా?