చిత్తూరులో బుల్లెట్ రైలు ఆగితే ఊరికి ఒరిగేదేంటి?

గుడిపాల_రోడ్డు (ప్రశ్న)

చెన్నై–బెంగళూరు–మైసూరు హైస్పీడ్ రైలు ప్రతిపాదనలో (435 కిలోమీటర్లు) చిత్తూరు పేరు కూడా ఉంది కదా. అది చూపించి బైపాస్ వైపు వెంచర్లు వేసేవాళ్ళు "ఇప్పుడు కొంటే పదింతలు" అంటున్నారు. జపాన్‌లో, స్పెయిన్‌లో ఇలాంటి మధ్య ఊళ్ళకు నిజంగా ఏం జరిగింది? రైలు ఆగితే ఉద్యోగాలు వస్తాయా, లేక ఉన్న కుర్రోళ్ళు కూడా చెన్నైకి పోతారా? అదే డబ్బు ఇప్పుడున్న లైనుకీ ఆర్టీసీకీ పెడితే ఎక్కువ మేలా? తెలిసినవాళ్ళు లెక్కతో చెప్పండన్నా. పార్టీల గొడవ వద్దు.

లూప్‌లైన్

స్టేషన్ ఉండటం వేరు, బండి ఆగటం వేరు. ముంబై–అహ్మదాబాద్ లెక్క చూడండి. 508 కిలోమీటర్లు, 12 స్టేషన్లు. సూరత్, వడోదరల్లో మాత్రమే ఆగే బండికి 2 గంటల 7 నిమిషాలు, అన్నిచోట్లా ఆగేదానికి 2 గంటల 58 నిమిషాలు అని చెప్తున్నారు. అంటే ఎనిమిది స్టాపులకు 51 నిమిషాలు, ఒక్కో స్టాపుకు ఆరు నిమిషాల పైమాట. ప్లాట్‌ఫారం మీద నిలబడేది ఒకటి రెండు నిమిషాలే. మిగతాదంతా గంటకు 320 కిలోమీటర్ల వేగం నుంచి సున్నాకు దిగటానికి, మళ్ళీ ఆ వేగం అందుకోవటానికి పోతుంది. చెన్నై–బెంగళూరు టైం తగ్గించాలని చూసేవాళ్ళు ముందు కోసేది చిత్తూరు లాంటి స్టాపునే. టోక్యో–ఒసాకా లైనులో నొజొమి బండ్లు చిన్న ఊళ్ళను దాటేసుకుని రెండున్నర గంటల్లో పోతాయి. అన్నిచోట్లా ఆగే కొడమకు దాదాపు నాలుగు గంటలు.

రెండోది, స్టేషన్ ఊరి మధ్యకు రాదు. ఈ వేగానికి మలుపు వ్యాసార్థం ఆరేడు వేల మీటర్లు ఉండాలి. 1964లో కట్టిన తొలి షింకన్‌సెన్‌లో (జపాన్ బుల్లెట్ రైలు లైను) 2,500 మీటర్ల మలుపులున్నాయి, అందుకే ఇవాళ్టికీ ఆ లైను మీద గంటకు 285 కిలోమీటర్లు దాటరు. మన చుట్టూ ఉన్న కొండల్లో లైను నేరుగా పోవాలంటే ఊరి బయట నుంచే పోతుంది.

తిరుపతికి నేరుగా వస్తుందనుకునేవాళ్ళు కూడా ఒకటి గమనించాలి. హైస్పీడ్ లైను స్టాండర్డ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 1676. ఫ్రాన్స్‌లో రెండూ ఒకే గేజ్ కాబట్టి వాళ్ళ హైస్పీడ్ బండి టీజీవీ పాత పట్టాల మీదే ఊళ్ళోకి వెళ్తుంది. ఇక్కడ కుదరదు, కొండకు పోయే భక్తుడు చిత్తూరులో దిగి బండి మారాల్సిందే.

ఊరిలెక్క

స్పెయిన్ అడిగారు కాబట్టి రెండు ఊళ్ళు పక్కపక్కన పెట్టి చూడండి.

సియుదాద్ రెయాల్ మాడ్రిడ్‌కు దక్షిణాన, చిత్తూరు కంటే చిన్న ఊరు. 1992లో మాడ్రిడ్–సెవిల్ లైను వచ్చాక రాజధాని గంటలోపు దూరం అయిపోయింది. లైను ఒక్కటే వచ్చి ఆగిపోలేదు. దూరం బండ్లకు తోడు ఆ మధ్య ఊళ్ళ కోసమే షటిల్ బండ్లు వేశారు, వాటికి సీజన్ టికెట్ పెట్టారు, స్టేషన్ ఊరికి అంటుకునే ఉంది. అక్కడ యూనివర్సిటీ ఉంది కాబట్టి పొద్దున బండిలో మాడ్రిడ్ నుంచి పాఠాలు చెప్పేవాళ్ళు, డాక్టర్లు ఎదురు వస్తారు. మీరడిగిన "కుర్రోళ్ళు పోతారా" అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. పోతారు. అయితే ఇటు రావటానికి కూడా జనానికి ఒక పని ఉంటే ఊరు మిగులుతుంది, లేకపోతే పడుకోవటానికి మాత్రమే పనికొచ్చే ఊరవుతుంది.

రెండోది గ్వాదలహారా. 2003లో వచ్చిన స్టేషన్‌ను ఊరికి దూరంగా పొలాల్లో కట్టారు. దాని పక్కన వాల్దెలుస్ అని 30 వేల మందికి కొత్త టౌన్‌షిప్ మొదలెట్టారు. 2008లో ఇళ్ళ బుడగ పేలింది, అపార్ట్‌మెంట్లు సగంలో ఆగాయి. స్టేషన్ ఉంది, ఆగే బండ్లు కొన్నే. మీకు బ్రోకర్లు చూపిస్తున్న బ్రోచర్ అదే.

పొలాల్లో కట్టిన ప్రతిదీ పోతుందనీ కాదు. షిన్-యొకొహామా కూడా 1964లో పొలాల మధ్యే. కానీ దానికి మొదటి నుంచీ లోకల్ రైలుంది, 1985లో సబ్‌వే వచ్చింది, 2008 నుంచి ప్రతి నొజొమీ ఆగుతోంది. నలభై ఏళ్ళు పట్టింది. పైగా అది యొకొహామా, పక్కనే టోక్యో. తైవాన్‌లో తైనాన్ హైస్పీడ్ స్టేషన్ 2007లో తెరిస్తే, ఊళ్ళోంచి రైలు లింకు 2011లో గానీ రాలేదు.

పాకాల_జంక్షన్

పైన ఇద్దరూ చెప్పింది ఒప్పుకుంటూనే, మూడో ప్రశ్నకు నా ఓటు ఉన్న లైనుకే.

తిరుపతి–పాకాల–చిత్తూరు–కాట్పాడి 104 కిలోమీటర్లు సింగిల్ లైను. 2025 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ డబ్లింగ్‌కు 1,332 కోట్లతో ఒప్పుకుంది. దాని విలువ తెలియాలంటే, సింగిల్ లైను మీద రోజుకు ఎన్ని బండ్లు నడపొచ్చో చెప్పే స్కాట్ ఫార్ములా వేసుకోండి: రోజుకు 1440 నిమిషాలు, దాన్ని రెండు స్టేషన్ల మధ్య నెమ్మది బండి పట్టే టైమూ, లైన్ క్లియర్ (ముందు లైను ఖాళీ, రావచ్చు అనే అనుమతి) ఇచ్చే టైమూ కలిపి భాగించి, 0.7తో గుణించాలి. ఉదాహరణకు పరుగు 12 నిమిషాలు, ఆపరేషన్‌కు 5 అనుకుంటే 1440/17 అంటే సుమారు 84, అందులో 70 శాతం 59. రెండు దిక్కులా కలిపి, గూడ్స్‌తో సహా అంతే. ఒక బండి లేటైతే ఎదురు బండి క్రాసింగ్ కోసం స్టేషన్‌లోని పక్క లైనులో (లూపులో) పడిగాపులు, దాని వెనక ఇంకోటి. పాసింజర్‌ను అరగంట ఆపేది ఇదే. రెండో లైను పడితే క్రాసింగ్ అనే మాటే ఉండదు.

ఇక ఎవరు ఎక్కుతారో చూడండి. చిత్తూరు నుంచి రోజూ కదిలే జనంలో వేలూరు సీఎంసీ ఆసుపత్రి ఓపీకి పోయేవాళ్ళు, తిరుపతి కాలేజీల పిల్లలు, కాట్పాడిలో బండి పట్టుకునేవాళ్ళు ఉంటారు. అంతా 35 నుంచి 70 కిలోమీటర్ల లోపు. హైస్పీడ్ లాభం మొదలయ్యేది 150–200 కిలోమీటర్ల తర్వాత, 800 దాటితే విమానానిది పైచెయ్యి. తోతాపురి గుజ్జు డ్రమ్ములైతే బుల్లెట్ రైలు ఎక్కవు, చెన్నై పోర్టుకు కంటైనర్‌లోనే పోవాలి.

లూప్‌లైన్

గుజ్జు ఎక్కదు, నిజమే. కానీ ప్యాసింజర్లు కొత్త లైనుకు మారితే అరక్కోణం–కాట్పాడి–జోలార్‌పేట పట్టాల మీద గూడ్స్‌కు దారి దొరుకుతుంది. జపాన్ తొలి షింకన్‌సెన్ కట్టింది కూడా పాత టొకైడో లైను నిండిపోయిందనే. కాబట్టి గుజ్జుకు అసలు లాభం లేదనకండి, చుట్టు తిరిగి వస్తుంది.

పాకాల_జంక్షన్

ఆ మాట ఒప్పుకుంటా. అయితే ఊరి నుంచి స్టేషన్‌కు తిరిగే ఫీడర్ బస్సు లెక్క కూడా డీపీఆర్‌లోనే (ప్రాజెక్టు పూర్తి నివేదిక) రాయించాలి. స్టేషన్ పది కిలోమీటర్ల బయట ఉంటే బస్సు రానూపోనూ, రెండు చివర్లా ఆగటంతో గంట. పావుగంటకో బస్సు కావాలంటే 4 బండ్లు, స్పేర్‌తో 5, రెండు షిఫ్టుల డ్రైవర్లు. రైలు ఖర్చు ముందు ఇది చిల్లర. ఎవరి పద్దులోనూ లేకపోవటం వల్లే ఆగిపోతుంది. చెన్నైకి ఇప్పుడు బస్సులో మూడున్నర గంటలనుకుందాం. రైల్లో ముప్పావు గంటే అయినా ఆటో కోసం అరగంట, చెకింగ్‌కు పావుగంట, ఆ చివర మెట్రోకు అరగంట కలిపితే రెండు గంటలు. ఆగే బండి రెండు గంటలకొకటైతే, మిగిలిందనుకున్న గంటన్నరలో సగటున గంట ఎదురుచూపుకే పోతుంది.

గుడిపాల_రోడ్డు

ధన్యవాదాలు అందరికీ. ఒక్కటే మిగిలింది. మావాళ్ళ పొలం ఆ దారిలో పడితే పరిహారం ఎట్లా కడతారు?

ఊరిలెక్క

2013 భూసేకరణ చట్టం ప్రకారం. 26వ సెక్షన్‌లో చుట్టుపక్కల గత మూడేళ్ళ రిజిస్ట్రేషన్లు తీసి, అందులో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటు కడతారు. ప్రభుత్వ మార్కెట్ విలువ అంతకంటే ఎక్కువుంటే దాన్నే తీసుకుంటారు. పల్లెల్లో దాన్ని రాష్ట్రం నిర్ణయించినట్టు 1 నుంచి 2 మధ్య అంకెతో గుణించి, చెట్లు, బావి, షెడ్డు విలువ కలిపి, మొత్తానికి నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) జోడిస్తారు. స్టాంపు డ్యూటీ మిగుల్చుకోవటానికి అందరూ తక్కువకు రాయించుకున్న ఊళ్ళో ఆ సగటే తక్కువ వస్తుంది. 11వ సెక్షన్ ప్రకటన వచ్చాక కలెక్టర్ మినహాయింపు ఇస్తే తప్ప ఆ సర్వే నంబర్లలో అమ్మకాలు కుదరవు. అడంగల్, 1బి, పాస్‌బుక్కులో పేర్లూ విస్తీర్ణమూ ఒకేలా ఉన్నాయో ఇప్పుడే చూసుకోండి. మామిడి చెట్లు ఎన్ని, వయసెంత అన్నది కూడా అడంగల్‌లో ఎక్కించుకోండి, చెట్టుకు విడిగా కడతారు.